పాత ట్రయల్స్ బండి కొనొచ్చా?

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్నానండీ. ఇక్కడ ఒకాయన పాత బుల్టాకో షెర్పా టి అమ్ముతున్నాడు, ట్రయల్స్ బైక్, అంటే రాళ్ల మీద కాలు కింద పెట్టకుండా మెల్లగా నడిపే పోటీల బండి. ఏళ్లుగా షెడ్‌లోనే ఉందట, కిక్ కొడితే ఇంజన్ తిరుగుతోంది కానీ స్టార్ట్ కావట్లేదు. కొనొచ్చా?

జవాబు: కొనండి, కానీ తొందరపడొద్దు. ట్రయల్స్ రైడర్ శామీ మిల్లర్ 1965లో స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ అనే ఆరు రోజుల పోటీ గెలిచింది బార్సిలోనాలో తయారైన ఈ తేలికైన టూస్ట్రోక్ బండి మీదే, అప్పటిదాకా బరువైన ఫోర్‌స్ట్రోక్‌లదే రాజ్యం. ముందు ఫ్రేమ్ నంబరు, ఇంజన్ నంబరు కాగితాలతో సరిపోతున్నాయో చూడండి. తర్వాత కిక్ లివర్‌ని కాలితో కాదు, చేత్తో మెల్లగా నొక్కండి. పిస్టన్ పైకొచ్చేటప్పుడు గట్టిగా ఎదురు తన్నాలి, మెత్తగా జారిపోతే రింగులో, బోరో అరిగినట్టే. స్టార్ట్ అయినా క్రాంక్ సీళ్లు (ఇంజన్ ఇరుసు చివర్ల గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగులు) మార్చకుండా నడపొద్దు, ఏళ్ల తరబడి నిలబడితే అవి ఎండిపోతాయి, గాలి లాగేసి ఇంజన్ దానంతటదే రేజ్ అయిపోతుంది, పిస్టన్ పట్టేసే ప్రమాదం కూడా ఉంది. ట్యాంకు ఫైబర్‌గ్లాస్‌దైతే ఇథనాల్ కలిసిన పెట్రోలు పోయకండి, లోపలి రెజిన్ మెత్తబడి జిగురులా కార్బురేటర్‌లోకి దిగుతుంది.

ట్యాంకు గీతలు, పాత రంగు మాత్రం అలాగే ఉంచండి, నాకవే ఇష్టం.

నడపడమంటారా, ఇది స్పీడు ఆట కాదు. ఫుట్‌రెస్ట్‌ల మీద నిలబడి, మోకాళ్లు వదులుగా పెట్టి, క్లచ్ మీద ఒక్క వేలితో నడక వేగంలో రాళ్లెక్కాలి. పోటీలో కాలు ఒకసారి కింద పెడితే ఒక పెనాల్టీ పాయింటు, ఆగిపోతే 5. వెనక టైరులో 5 పీఎస్‌ఐ గాలి చాలు.