పై లీగ్‌కు దారే లేని అమెరికాలో డెట్రాయిట్ సిటీ ఎఫ్‌సి ఎలా నిలబడింది?

ప్రశ్న ఇది: అమెరికా సాకర్‌లో కింది లీగ్ గెలిచినా పై లీగ్‌కు ప్రమోషన్ ఉండదు కదా, మరి డెట్రాయిట్ సిటీ లాంటి క్లబ్ మ్యాచ్‌లకు వేలమంది ఎందుకు వెళ్తారు, ఇలాంటి క్లబ్ ఎన్నాళ్లు బతుకుతుంది?

నేను డెట్రాయిట్ శివార్లలో ఉంటాను, కార్ల రంగంలో ఉద్యోగం. చాలా ఏళ్లుగా వీళ్ల మ్యాచ్‌లకు వెళ్తున్నాను. నాకు అర్థమైనంతవరకు జవాబు చిన్నదే. ఈ క్లబ్ ముందు జనాన్ని సంపాదించుకుంది, ఏ లీగ్‌లో ఆడాలన్నది తర్వాత చూసుకుంది.

ప్రమోషన్ లేకపోవడం అంటే ఏమిటో ముందు చెప్తాను. ఇక్కడ టాప్ లీగ్ అయిన ఎంఎల్ఎస్‌లోకి వెళ్లాలంటే ఆడి గెలిస్తే చాలదు, డబ్బు కట్టి సీటు కొనుక్కోవాలి. 2019లో షార్లెట్ 32.5 కోట్ల డాలర్లు కట్టింది. 2023లో శాన్ డియేగో 50 కోట్ల డాలర్లు కట్టింది. 2016లో డెట్రాయిట్ కోసం కూడా ఇద్దరు కోటీశ్వరులు, డాన్ గిల్బర్ట్, టామ్ గోర్స్ కలిసి బరిలోకి దిగారు. డౌన్‌టౌన్‌లో కొత్త స్టేడియం కడతామన్నారు, తర్వాత అప్పటికే ఉన్న అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం ఫోర్డ్ ఫీల్డ్‌లోనే ఆడిస్తామన్నారు. చివరికి ఆ అవకాశం వేరే ఊళ్లకు పోయింది.

డెట్రాయిట్ సిటీ పుట్టుక దీనికి పూర్తిగా భిన్నం. 2010లో షాన్ మన్ అనే ఆయన నగరంలోని పేటలవాళ్లు సరదాగా ఆడుకోవడానికి ఒక లీగ్ మొదలుపెట్టాడు. అలా ఒకచోట చేరినవాళ్లలోంచే 2012లో ఐదుగురు మిత్రులు సొంత డబ్బుతో క్లబ్ పెట్టారు. ఆడింది ఎన్‌పీఎస్ఎల్ అనే నాలుగో అంచె లీగ్‌లో. అది వేసవి సీజన్, ఆటగాళ్లలో చాలామంది కాలేజీ కుర్రాళ్లు. మైదానం కాస్ టెక్ హైస్కూల్‌ది. ఆ రోజుల్లో డెట్రాయిట్ పరిస్థితి గుర్తుంది కదా, 2013లో నగరమే దివాలా పిటిషన్ వేసింది. అలాంటి ఊరి పేరు అరిచి చెప్పుకోవడానికి ఒక చోటు దొరికితే జనం వదులుతారా? నార్తర్న్ గార్డ్ అనే అభిమానుల బృందం డ్రమ్స్, జెండాలు, ముదురు ఎరుపు పొగతో మొదటి నుంచీ వెంట ఉంది. 2015 వచ్చేసరికి స్కూలు గ్రౌండ్‌లో జనం పట్టలేదు.

నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఆ తర్వాతిదే. హామ్‌ట్రామ్‌క్ అని, చుట్టూ దాదాపు అంతా డెట్రాయిట్ ఉండి మధ్యలో వేరే మున్సిపాలిటీగా ఉన్న చిన్న ఊరు. ఒకప్పుడు పోలండ్ నుంచి వచ్చిన కార్మికులది, ఇప్పుడు యెమెన్, బంగ్లాదేశ్ కుటుంబాలు ఎక్కువ. అక్కడ కీవర్త్ స్టేడియం ఉంది. ఆర్థిక మాంద్యం నాటి ఉపాధి పథకం కింద కట్టారు, 1936లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్వయంగా వచ్చి ప్రారంభించాడు. స్కూలు డిస్ట్రిక్ట్ ఆస్తి అది, బాగుచేయడానికి చేతిలో డబ్బు లేదు. క్లబ్‌కు మైదానం కావాలి, దానికీ డబ్బు లేదు. అప్పుడు అభిమానులనే అడిగారు. 527 మంది కలిసి 7,41,250 డాలర్లు ఇచ్చారు. అది చందా కాదు, క్లబ్ ఆదాయంలోంచి లాభంతో కలిపి తిరిగి చెల్లించే ఒప్పందం. 2016 మేలో అక్కడ మొదటి మ్యాచ్‌కు 7,410 మంది వచ్చారు. నాలుగో అంచె మ్యాచ్‌కు!

మా పక్కన కూర్చునే పెద్దాయన ఆ ఊళ్లోనే పుట్టి పెరిగాడు. ఆ 527 మందిలో తనూ ఒకడినని గ్యాలరీ రెయిలింగ్ మీద చెయ్యి వేసి మరీ చెప్తాడు. ఇలాంటి మనిషి జట్టు ఓడిందని ఇంట్లో కూర్చుంటాడా? ఏ లీగ్‌లో ఆడుతున్నారన్నది ఆయనకు అసలు పట్టదు.

2020లో ఎన్ఐఎస్ఏ అనే మూడో అంచె లీగ్‌తో క్లబ్ ప్రొఫెషనల్ అయింది. అదే ఏడాది కోవిడ్. గేట్లు మూసేశారు, టికెట్ల ఆదాయం పోయింది. ఈసారి క్లబ్‌లో కొంత వాటానే ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు. 2,700 మందికి పైగా చిన్న చిన్న మొత్తాలు పెట్టి 10 లక్షల డాలర్లు దాటించారు. ఎన్ఐఎస్ఏలో టైటిళ్లు గెలిచి, 2022లో రెండో అంచె అయిన యూఎస్ఎల్ ఛాంపియన్‌షిప్‌కు మారారు. ఆ మార్పు కూడా క్లబ్ నిర్ణయించుకుని చేసినదే, గెలిచినందుకు దక్కిన ప్రమోషన్ కాదు.

ఆ ఏప్రిల్‌లో ఓపెన్ కప్‌లో, అంటే వేర్వేరు అంచెల క్లబ్‌లు కలిసి ఆడే నాకౌట్ టోర్నీలో, కొలంబస్ క్రూ మా ఊరికి వచ్చింది. 2020 ఎంఎల్ఎస్ ఛాంపియన్లు వాళ్లు. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. ఆఖరి నిమిషాల్లో అందరూ లేచి నిలబడి కాళ్లతో కొడుతుంటే కింద ఇనుప బల్లలు అదురుతున్నాయి, పొగలో అవతలి గోల్ సరిగ్గా కనపడటం లేదు, ఒకటే టెన్షన్. డెట్రాయిట్ 2-1తో గెలిచింది. ముక్కూ మొహం తెలియని వాళ్లు వచ్చి నన్ను కౌగిలించుకున్నారు. ఓపెన్ కప్ ఒక్కటే ఇక్కడ చిన్న క్లబ్ పెద్ద క్లబ్‌తో పాయింట్ల లెక్క లేకుండా నేరుగా తలపడే చోటు. దాన్ని తక్కువ చేసి చూసేవాళ్లంటే నాకు నిజంగా కోపం.

అయితే జనం ఉంటే చాలు క్లబ్ బతికేస్తుందని అనుకోకండి. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ రైనోస్ కథ చూడండి. 1999లో నాలుగు ఎంఎల్ఎస్ జట్లను వరుసగా ఓడించి ఓపెన్ కప్ ఎత్తారు, ఫైనల్లో కొలరాడోపై 2-0. ఆ తర్వాత ఎంఎల్ఎస్ బయటి జట్టు ఏదీ ఆ కప్ గెలవలేదు. ఆ రోజుల్లో బేస్‌బాల్ మైదానంలో ఆడుతూ సగటున 10 వేలకు పైగా జనాన్ని రప్పించేవారు. ఎంఎల్ఎస్ పిలుపు వస్తుందన్న ఆశతో సొంత స్టేడియం కట్టుకున్నారు, 2006లో తెరిచారు. పిలుపు రాలేదు. కట్టడం ఖర్చు మెడకు చుట్టుకుని రెండేళ్లకే యజమానులు చేతులెత్తేశారు. కొత్త యజమాని వచ్చినా 2017 తర్వాత ఆట ఆగిపోయింది. 2022లో పేరు మార్చుకుని తిరిగొచ్చి, ఎంఎల్ఎస్ నెక్స్ట్ ప్రో అనే మూడో అంచె లీగ్‌లో ఒక్క సీజన్ ఆడి, 2023 మార్చిలో పూర్తిగా మూసేశారు. ఆ సీజన్ అయిన కొద్ది నెలలకే క్లబ్ లేదు.

అందుకే డెట్రాయిట్ కొత్త స్టేడియం వార్త విన్నప్పుడు నాకు సంతోషమూ, భయమూ రెండూ కలిగాయి. కార్క్‌టౌన్ పేటలో ఏళ్లుగా పాడుబడి ఉన్న పాత సౌత్‌వెస్ట్ డెట్రాయిట్ ఆసుపత్రి స్థలం కొన్నట్టు 2024లో ప్రకటించారు. సుమారు 15 వేల సీట్లతో 2027లో తెరవాలని ప్రణాళిక. కీవర్త్‌లో సౌకర్యాలు తక్కువ, అది అద్దె స్థలం, క్లబ్ ఎప్పటికీ అక్కడే ఉండలేదు, ఒప్పుకుంటాను. కానీ రోచెస్టర్‌కు, దీనికి ఒక తేడా ఉండాలి: ఈ స్టేడియం ఇప్పుడున్న జనం కొనగలిగే టికెట్ ధరతోనే గిట్టుబాటు కావాలి. ఎంఎల్ఎస్ వస్తుందనో, ఇంకేదో వస్తుందనో లెక్క వేసుకుంటే ముప్పే. డెట్రాయిట్ ఆడే రెండో అంచె లీగ్‌ను నడిపే యూఎస్ఎల్ 2025 మార్చిలో ప్రమోషన్, రెలిగేషన్ తెస్తామని ఓటేసింది. సొంతంగా టాప్ అంచె లీగ్ కూడా పెట్టి 2027-28 నుంచి మొదలుపెడతామంటోంది. అది జరిగితే మీ ప్రశ్నలో మొదటి సగానికి జవాబు మారిపోతుంది. పైకి వెళ్లే అవకాశంతో పాటు కిందికి జారే ప్రమాదమూ వస్తుంది. అప్పుడు కూడా ఈ జనం నిలబడతారనే నా నమ్మకం, ఎందుకంటే వీళ్లు నాలుగో అంచెలోనే టికెట్ కొన్నవాళ్లు.

నోవై, కాంటన్, ట్రాయ్ వైపు ఉండే మన తెలుగువాళ్లకు ఒక మాట. వీకెండ్‌లో క్రికెట్ లేనప్పుడు హామ్‌ట్రామ్‌క్ రండి, కీవర్త్‌లో ఆడుతున్నప్పుడే చూడండి. చిన్నపిల్లలతో వస్తే నార్తర్న్ గార్డ్‌కు ఎదురు వైపు గ్యాలరీలో టికెట్ తీసుకోండి, వాళ్లుండే వైపు పొగ ఎక్కువ, బూతులు కూడా దండిగా వినపడతాయి. మ్యాచ్ అయ్యాక కోనంట్ వీధిలో బంగ్లాదేశీ హోటళ్లు ఉంటాయి, అక్కడ చేపల కూర, అన్నం తిని బయల్దేరండి.