గుర్రం కొనేటప్పుడు రంగు చివర్లో చూడు

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. సొంత గుర్రం కొనుక్కోవాలని తేల్చుకున్నావని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. నల్లటి ఫ్రీజియన్, బంగారు రంగు పాలమినో, మచ్చల అపలూసా అని మూడు పేర్లు రాసి, "వీటిలో ఏది కొనమంటావు మావయ్యా?" అని అడిగావు. మూడూ కళ్ళు తిప్పుకోలేనంత అందంగా ఉంటాయి. కాకపోతే నీ ఉత్తరం నిండా రంగులే ఉన్నాయి. నువ్వు వారానికి ఎన్నిసార్లు స్వారీ చేస్తావు, మైదానంలోనా, కొండదారుల్లోనా, గెంతులు నేర్పిస్తావా, ఊరికే తిరగడానికా, ఇవేవీ రాయలేదు. నేనైతే ముందు గుణం చూస్తాను, తర్వాత కాళ్ళు, ఆ తర్వాత జాతి. రంగు చూసేది అన్నిటికన్నా చివర్లో.

అలాగని రంగు మీద ఇష్టం తప్పని అనను. నాకూ ఉంది. ఒళ్ళంతా ఎర్రటి గోధుమ రంగు, జూలు, తోక, మోకాళ్ళ కింద కాళ్ళు నల్లగా ఉండే బే గుర్రమంటే నాకు ప్రాణం. ఎండలో దాని ఒంటి మీద మెరుపు చూస్తే ఇంకే రంగూ గుర్తురాదు. నిజానికి దాని ఒంట్లో నలుపు జన్యువు ఉంది. అగౌటి అనే ఇంకో జన్యువు ఆ నలుపును జూలుకూ తోకకూ కాళ్ళకూ మాత్రమే పరిమితం చేస్తుంది. ఆ రెండో జన్యువు పనిచేయకపోతే గుర్రం పూర్తిగా నల్లగా పుడుతుంది. నలుపు తయారుచేసే జన్యువే పనిచేయకపోతే జూలు దగ్గర్నుంచి కాళ్ళ దాకా ఎర్రగా ఉండే చెస్ట్‌నట్ అవుతుంది. చెస్ట్‌నట్ ఆడగుర్రాలకు కోపం ఎక్కువ, మొండివి అని నీకు చాలామంది చెబుతారు. నమ్మకు. నేనెక్కినవాటిలో చాలా నెమ్మదైనవి ఆ రంగువే.

నల్ల గుర్రం గురించి ఒకటి తెలుసుకో. ఎండలో రోజంతా తిరిగే నల్ల గుర్రం చాలావరకు ఎండాకాలం చివరికి వెలిసి, అంచులు ఎర్రబారి కనిపిస్తుంది. ఫోటోలో చూసిన నిగనిగ ఏడాది పొడుగునా ఉండదు. ఇక ఫ్రీజియన్ అంటావా, దాని ఠీవి నాకూ ఇష్టమే. కానీ అది బండి లాగడంలో పేరుపడిన జాతి. కాళ్ళు బాగా ఎత్తి వేస్తుంది కాబట్టి దాని ట్రాట్‌లో, అంటే మెల్లని పరుగులో, జీను మీద కుదురుగా కూర్చోవడానికి అనుభవం కావాలి. పైగా కొద్ది వంశాల మధ్యే జత కలుపుతూ రావడంతో ఆ జాతిలో పుట్టుకతో వచ్చే జబ్బులున్నాయి. మొదటి గుర్రంగా నీకు దాన్ని సిఫారసు చేయను.

తెల్ల గుర్రం చూసి మనసు మారుతుందేమో, దాని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. మనం తెల్ల గుర్రం అనుకునేవాటిలో చాలావరకు గ్రే గుర్రాలు. అవి నల్లగానో, ఎర్రగానో, బే గానో పుడతాయి. ఏడాదికేడాది వెంట్రుకలు నెరిసి చివరికి తెల్లబడతాయి. పిల్లప్పుడు కళ్ళ చుట్టూ తెల్ల వెంట్రుకలు కనిపిస్తే అది గ్రే కాబోతోందని గుర్తు. మధ్య వయసులో ఒంటి మీద గుండ్రటి చుక్కలతో అద్భుతంగా ఉంటుంది. ఆ చుక్కలు చూసి డబ్బు పోసి కొనేవాళ్ళున్నారు. అవి నిలవవు, కొన్నేళ్ళకు పోతాయి. వెంట్రుకలు ఎంత తెల్లబడినా లోపల చర్మం మాత్రం నల్లగానే ఉంటుంది. ఈ నెరుపుకు కారణమైన జన్యు మార్పును 2008లో శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ మార్పే మెలనోమా అనే చర్మపు క్యాన్సర్ గడ్డలకూ దారితీస్తుంది. 15 ఏళ్ళు దాటిన గ్రే గుర్రాల్లో సగానికి పైగా వాటికి ఈ గడ్డలు వస్తాయి. తోక కింద, మలద్వారం చుట్టూ, పెదవుల దగ్గర ఎక్కువ. చాలావాటిలో ఏళ్ళ తరబడి మెల్లగా పెరుగుతాయి, స్వారీకి అడ్డురావు. కొన్నిట్లో మాత్రం లోపలికి పాకి ప్రాణం మీదికి తెస్తాయి. అందుకని గ్రే గుర్రం వద్దనను. తోక ఎత్తి చూడకుండా మాత్రం కొనొద్దు.

అపలూసా విషయంలో అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఆ మచ్చల జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే ఆ గుర్రానికి పుట్టుకతోనే రేచీకటి ఉంటుంది. పగలు మామూలుగా చూస్తుంది, మసక పడితే తడబడుతుంది. పైగా కంటి లోపల మళ్ళీ మళ్ళీ వాపు వచ్చి చివరికి చూపే పోయే జబ్బు ఈ జాతిలో మిగతావాటికన్నా ఎక్కువ. నీకు పొద్దుగూకాక తిరిగే అలవాటుంది కదా. అలాంటి గుర్రం నచ్చితే పశువైద్యుడి చేత కళ్ళు పరీక్ష చేయించు. మసక వెలుతురులో ఒకసారి నడిపించి చూడు.

పాలమినోకు ఇలాంటి తంటాలు లేవు. చెస్ట్‌నట్ గుర్రానికి క్రీమ్ జన్యువు ఒక్క వైపు నుంచి వస్తే బంగారు రంగు ఒళ్ళు, తెల్లటి జూలు వస్తాయి. రెండు వైపుల నుంచీ వస్తే లేత మీగడ రంగు, నీలి కళ్ళు. రెండు పాలమినోలను కలిపినా పిల్ల పాలమినోయే అవుతుందన్న నమ్మకం లేదు, సగం అవకాశమే ఉంది. ఎవరైనా "దీని పిల్లలన్నీ బంగారమే" అని ధర పెంచితే ఈ లెక్క గుర్తుపెట్టుకో.

నాలుగు కాళ్ళూ ముఖమూ తెల్లగా ఉండే పంచకళ్యాణి అదృష్టమని మనవాళ్ళు అంటారు. చూడ్డానికి అది నిజంగానే కళగా ఉంటుంది. తెల్లటి చోట చర్మం గులాబీ రంగులో ఉంటుంది కాబట్టి ముక్కు దగ్గర ఎండకు కమిలిపోతుంది, బురదలో నిలబడితే మడమల దగ్గర పుండ్లు పడతాయి. ముక్కుకు సన్‌స్క్రీన్ రాయి, కాళ్ళు పొడిగా ఉంచు, అంతే. తెల్ల గిట్టలు మెత్తనివన్న మాటలో మాత్రం నిజం లేదు.

ఇక జాతి. నన్ను అడిగితే అరబ్బీకి ఓటేస్తాను. 14 నుంచి 15 హ్యాండ్స్ ఎత్తు, అంటే మెడ మొదట్లో కొలిస్తే 56 నుంచి 60 అంగుళాలు. చిన్నగా కనిపిస్తుంది గానీ ఒక్క రోజులో 160 కిలోమీటర్లు నడిపే పందాల్లో ముందుండేది అదే. మనిషిని చదివేస్తుంది. నువ్వు టెన్షన్ పడితే తనూ పడుతుంది. అందుకే నీకు ఇప్పుడే శుద్ధమైన అరబ్బీ కాకుండా, అరబ్బీ రక్తం కొంత కలిసిన గుర్రం బాగుంటుందని నా ఉద్దేశం. క్వార్టర్ హార్స్ నెమ్మదైనది, పావు మైలు పరుగులో పేరు తెచ్చుకుంది, పశువులను మళ్ళించే పనిలో దానికి సాటి లేదు. కొత్త రౌతుకు చాలా మంచిది. మార్వారీ చెవులు లోపలికి వంగి కొసలు తాకుతాయి, దాని రేవాల్ నడకలో వీపు కుదుపు తెలియదు. నాకు ఎంతో ఇష్టమైన జాతి అది, కాకపోతే చురుకు ఎక్కువ. పందాలు మానేసిన థరోబ్రెడ్ చవగ్గా దొరుకుతుంది, ఆశపడకు. పరుగు కోసమే పెంచిన దాన్ని తీరిగ్గా నడవడం నేర్పాలంటే నెలలు పడుతుంది, చెయ్యి తిరిగినవాళ్ళు పక్కన ఉండాలి.

ఏ జాతైనా నీ బరువూ జీను బరువూ కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదు. 400 కిలోల గుర్రమైతే 80 కిలోలు. వయసు ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మధ్య చూడు. పిల్ల గుర్రాన్ని నువ్వే తీర్చిదిద్దుకోవాలన్న కోరిక రెండో గుర్రం దాకా ఆపుకో. రౌతు కొద్దీ గుర్రమంటారు, నువ్వు నేర్చుకునే రోజుల్లో గుర్రమే నీకు నేర్పాలి.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు చెప్పిన టైమ్ కంటే ముందే వెళ్ళు. అప్పటికే చెమట పట్టి ఉంటే దాన్ని అలసిపోయేలా తిప్పి ఉంచారని అర్థం. జీను వేసేటప్పుడు చెవులు వెనక్కి వేస్తుందా, కాలు ఎత్తితే ఇస్తుందా, ముందు వాళ్ళనే ఎక్కమను, తర్వాత నువ్వు ఎక్కు. ఇంకో రోజు, ఇంకో వేళకు మళ్ళీ వెళ్ళు. బేరం కుదిరే ముందు మన తరఫు డాక్టరు చేత కాళ్ళు, గుండె, కళ్ళు చూపించు, మత్తుమందు ఇచ్చారేమో తెలియడానికి రక్తపరీక్ష చేయించు. ఆ ఖర్చుకు వెనకాడకు, తక్కువైతే నేను వేస్తాను.

నచ్చిన గుర్రాల వీడియోలు పంపు. గట్టి నేల మీద పక్క నుంచి ఒకటి, ఎదురుగా వస్తూ ఒకటి, వెనక్కి వెళ్తూ ఒకటి. గిట్టల ఫోటోలు దగ్గరగా తీసి పంపు. రంగు గురించి నువ్వు రాయనక్కర్లేదు, అది నాకు వాటిలోనే కనిపిస్తుంది.

ఇట్లు
నీ మావయ్య