కండ్లు చెట్టు మీద, మనసు ఫోన్ మీద
(పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయి దుబాయ్‌లో పని చేస్తున్నాడు. రెండు రోజులు ఫోన్ రాకపోతే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. చెట్ల మధ్య నడిస్తే దిగులు తగ్గుతుందని చెప్తే రోజూ సాయంత్రం నడుస్తున్నాను. నడిచినంతసేపూ వాడి ఆలోచనే. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
– ఒక తల్లి, జగిత్యాల

జవాబు: తప్పేమీ లేదమ్మా. నడక ఒంటికి మంచిదే, మానకండి. అయితే అలవాటైన దారిలో కాళ్లు వాటంతటవే పోతాయి. మనసుకు పనేమీ ఉండదు కాబట్టి అది నేరుగా దుబాయ్‌ పోతుంది. దానికీ ఒక చిన్న పని అప్పజెప్పాలి. కండ్లతో చూస్తే తప్ప జవాబు దొరకని ప్రశ్న అయితే ఇంకా మంచిది.

మీరు నడిచే దారిలో చింతచెట్టు ఉంటే దాన్నే పట్టుకోండి. పొద్దుగూకే వేళ చింతాకు ముడుచుకుంటుంది. చేతికందే ఎత్తులో ఒక రెమ్మ చూసుకుని, పొద్దు పడమట వాలేటప్పటికి అక్కడ నిలబడండి. ఆకులు దగ్గరపడటం ఎప్పుడు మొదలైంది? రెమ్మ మొదట్లోవి ముందా, చివరివి ముందా? నీడలో ఉన్న కొమ్మ, వెలుతురు తగిలే కొమ్మ ఒకేసారి ముడుచుకుంటున్నాయా? ఒక సాయంత్రానికి ఒక్క ప్రశ్న చాలు. చింత లేకపోతే వేపచెట్టు మాను మీద చీమల బాట చూడండి. పైకి పోయేవి, కిందికి దిగేవి ఎదురుపడ్డప్పుడు ఏం చేస్తున్నాయో గమనించండి.

మధ్యలో అబ్బాయి గుర్తొస్తాడు. మనసును కసరకండి. ‘వాడు గుర్తొచ్చాడు’ అనుకుని మళ్లీ ఆ రెమ్మ దగ్గరికే రండి. పదిసార్లు పోతే పదిసార్లు తిప్పుకోవాలి. చాలామంది ఇక్కడే ‘నాతో కాదు’ అని వదిలేస్తారు. ఇంకొందరు రెండు నిమిషాలకోసారి ‘దిగులు తగ్గిందా, తగ్గిందా’ అని తరచి చూసుకుంటారు. అప్పుడు చూపు చెట్టు మీద ఉన్నా చూస్తున్నది దిగులునే. తగ్గిందో లేదో ఇంటికొచ్చాక చూసుకోవచ్చు. రాగానే నోటుబుక్కులో తేదీ, వేళ, చూసిన సంగతి ఒక్క వాక్యంలో రాయండి. నిన్న రాసింది చదివితే రేపు ఏం చూడాలో తెలుస్తుంది.

ఎంతసేపు అంటే, ఇరవై నిమిషాలు పెట్టుకోండి. ప్రకృతి మధ్య 20 నుంచి 30 నిమిషాలు గడిపినప్పుడు ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ అన్నిటికన్నా వేగంగా తగ్గుతోందని 2019లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. ఆ తర్వాత కూర్చున్నా మేలే గానీ, తగ్గే వేగం మందగిస్తుంది. పట్టుబట్టి చేసే ఆలోచన అలసిపోతుందనీ, ఆకులూ మబ్బులూ నీళ్లూ బలవంతం లేకుండా మనసును పట్టి ఉంచి దానికి విశ్రాంతినిస్తాయనీ రేచల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1989లోనే వివరించారు. దీనికోసం లక్నవరం, పాకాల లాంటి అడవి చెరువుల దాకా పోవాల్సిన పని లేదు. మీ వీధి చివరి చెట్టు చాలు.

ఫోన్ ఇంట్లో వదిలి రమ్మని మాత్రం మేం చెప్పం. మీలాంటి తల్లికి దానితో ఆదుర్దా రెట్టింపవుతుంది. అబ్బాయి నంబరు ఒక్కటే మోగేలా పెట్టి సంచిలో వేసుకోండి. ఇంకో మాట. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. మనకు రాత్రి తొమ్మిదైతే అక్కడ ఏడున్నర. అబ్బాయి డ్యూటీ దిగే వేళ కనుక్కుని, వారానికి మూడు రోజులు ఫలానా టైమ్‌కు మాట్లాడుకుందామని ఖాయం చేసుకోండి. మిగతా రోజుల్లో ఫోన్ రాకపోతే, అది మాట్లాడే రోజు కాదు కాబట్టే రాలేదని మీకు తెలుస్తుంది.

ప్రశ్న: నేను పత్తి రైతును. పొద్దంతా చేన్లనే ఉంట. ఆకు చూస్తె పురుగు యాదికొస్తది, మొగులు చూస్తె వాన యాదికొస్తది, వాన కాడ్నుంచి అప్పు. చెట్టును పిట్టను చూస్తె రంది పోతదంటే నేనెట్ల నమ్మాలె?
– ఒక రైతు, నర్సంపేట దగ్గర

జవాబు: మీ మాట నిజమన్నా. గుడ్డిపూలు (గులాబీ పురుగు పట్టి విచ్చుకోని పూలు) ఏరడం, పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలో ఎన్ని రెక్కల పురుగులు పడ్డాయో లెక్కపెట్టడం సాగు పని. అందులో లాభనష్టాలున్నాయి కాబట్టి అక్కడ మనసు తేలికపడదు. మీకు లాభమూ నష్టమూ లేనిదాన్ని చూడాలి.

వానకాలంలో గెట్టు మీది తాటిచెట్టుకో, బావి మీదికి వంగిన తుమ్మకో గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి. సద్ది తిన్నాక పావుగంట అక్కడ కూర్చోండి. తలమీద పసుపు రంగున్నది మగపిట్ట. అల్లేది అదే. గడ్డిపోచను ముక్కుతో గంటుపెట్టి, ఎగురుతూ సన్నటి నారలా చీల్చుకుపోతుంది. గూడు సగం అయ్యేసరికి బోర్లించిన టోపీలా, మధ్యలో అడ్డకట్టుతో ఉంటుంది. ఆడపిట్ట వచ్చి చూసి మెచ్చితేనే మగది గుడ్లు పెట్టే అర, కిందికి దిగే గొట్టం అల్లుతుంది. మెచ్చని గూడు సగంలోనే ఉండిపోతుంది. మీ చెట్టుకు నిండువి ఎన్ని, సగంవి ఎన్ని? ఎక్కువ గూళ్లు తూర్పు వైపే ఉన్నాయా? నైరుతి గాలివాన దెబ్బ తగలకుండా ఇవి తరచూ తూర్పు పక్కనే కడతాయి. మీ చెట్టు సంగతి మీరే చూసి తేల్చాలి.

అప్పు దీనితో తీరదు. దానికి వేరే వేళ కేటాయించండి. రాత్రి అన్నానికి ముందు ఇరవై నిమిషాలు కాగితం ముందు పెట్టుకుని, ఒక పక్క ఎవరికి ఎంత, మిత్తి ఎంత, గడువు ఎప్పుడు అని రాయండి. రెండో పక్క రేపు చేయగలిగిన ఒక్క పని రాయండి. బ్యాంకుకు పోవడమో, రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని కలవడమో ఏదైనా సరే. చేన్లో రంది లేస్తే ‘దీని సంగతి రాత్రి చూద్దాం’ అని పక్కన పెట్టండి. రాసే వేళ నిజంగా ఉంటేనే మనసు ఈ మాట వింటుంది. రెండు రాత్రులు ఎగ్గొట్టారంటే మళ్లీ పగలే మొదలుపెడుతుంది. ఆ కాగితం మంచం మీదికి మాత్రం తీసుకుపోకండి.

ప్రశ్న: గ్రూప్స్‌కు చదువుతున్నాను. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి, ఇక నిద్ర పట్టదు. ఉండేది మూడో అంతస్తులో, చుట్టూ గోడలే. నేనేం చూడాలి?
– ఒక అభ్యర్థి, కాజీపేట

జవాబు: చీకట్లో చెవులతో పని, తమ్ముడూ. కిటికీ తెరిచి, గడియారం చూడకుండా పడుకుని, అన్నిటికన్నా దగ్గరి చప్పుడేదో పట్టుకోండి. తర్వాత దానికంటే దూరానిది, ఆపైన ఇంకా దూరానిది. కీచురాయి ఆగి ఆగి అరుస్తోందా, ఒకే ధారగానా? వాన పడ్డ రాత్రి కప్పలు ఎటు వైపు? ఎండాకాలమైతే కోయిల చీకటి ఉండగానే అందుకుంటుంది. స్టేషన్ నుంచి వచ్చే రైలు కూతనూ ఆ వరుసలోనే కలుపుకోండి. దాన్ని విసుక్కుంటే నిద్ర ఇంకా దూరమవుతుంది. ఇరవై నిమిషాలైందనిపించినా కునుకు రాకపోతే లేచి కుర్చీలో కూర్చోండి. నిద్ర ముంచుకొచ్చాకే మళ్లీ మంచమెక్కండి. సాయంత్రం మాత్రం పది నిమిషాలు మేడ మీదికి పోయి, కాకులూ కొంగలూ ఏ దిక్కుకు తిరిగి పోతున్నాయో చూడండి.

ఇలా తెల్లవారకముందే మెలకువ రావడం, తిండి సయించకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలుగా దాదాపు రోజూ ఉంటే ఈ పద్ధతులు సరిపోవు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకండి. వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పి, మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా, పైసా ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు.