ఏ రాత్రి పెద్దది?

నల్లగొండ,
షాబాన్ నెల చివరి వారం

బిడ్డా,

మన పెద్ద రాత్రుల మీద నీ వ్యాసం రెండుసార్లు చదివిన. ఖురాన్ దిగిన రాత్రి శబేఖద్ర్‌కు ఒకటో నంబరు, ప్రవక్త (స) ఆకాశయాత్ర చేసిన రాత్రి శబేమేరాజ్‌కు రెండు, రంజాన్ ముందు నెల షాబాన్ నడిమి రాత్రి శబేబరాత్‌కు మూడు అని పదో తరగతి మార్కుల లిస్టు లాగ వేశావు. కోపం రాలేదు, నవ్వొచ్చింది. నీ వయసులో నేనూ ఇదే పని చేశాను.

ముందు ఒక చిన్న తప్పు. చిన్నదే కానీ, తెలిసినవాళ్లు అక్కడే కాగితం పక్కన పెట్టేస్తారు. "ఇరవై ఏడో రోజా విడిచి జాగ్‌నే కీ రాత్‌కు తయారయ్యారు" అని రాశావు. శబేఖద్ర్ అని మనం జాగారం చేసే ఇరవై ఏడో రాత్రి వచ్చేది ఇరవై ఆరో రోజా, అంటే ఉపవాసం, విడిచాక. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, ఇంగ్లిషు తారీఖు అర్ధరాత్రి మారుతుంది, ఇస్లాంలో పొద్దు గూకినప్పటి మగ్రిబ్ నమాజు వేళతో మారుతుంది. రాత్రి ముందు, పగలు వెనక. మన ఇళ్లల్లో గురువారాన్ని జుమ్మేరాత్ అంటాం చూడు, ఆ పొద్దు గూకితే జుమ్మా, అంటే శుక్రవారం, మొదలైనట్టే. నా మొదటి కథలో నేనూ ఇట్లనే రాశాను. అచ్చయ్యాక మా గల్లీలో గుండీలు కుట్టే ఒక ముసలమ్మ చదివించుకుని విని, "ఏందమ్మా, నీ కథలోళ్లు శబేఖద్ర్ దాటిపోయినంక జాగారం జేసిండ్రు" అంది. ఆ తర్వాత నన్ను తిట్టిన విమర్శకులెవరూ అంత సూటిగా తిట్టలేదు.

ఇంకొకటి. 1998 రంజాన్‌లో తాటిముంజలతో ఇఫ్తార్ చేయించావు. ఆ ఏడు రంజాన్ జనవరిలో వచ్చింది, మళ్లీ డిసెంబరులో మొదలైంది. హిజ్రీ ఏడాదికి 354 రోజులు, ఒక్కో ఏడు 355. అధికమాసం ఉండదు కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ముంజలు వదలబుద్ధి కాకపోతే ఆ ముచ్చటను 2018కి జరుపు. అప్పుడు ఒక్కపొద్దులు మే నెలలో మొదలైనయి.

ఇక నంబర్ల సంగతి. పోల్చడమే తప్పు అనను, పెద్దలూ పోల్చారు. ఎట్లా పోల్చారో చూడు. రంజాన్ చివరి పది రోజులు గొప్పవా, హజ్ నెల జుల్‌హజ్జా మొదటి పది గొప్పవా అని పండితుడు ఇబ్నె తైమియాను (1263–1328) అడిగారు. ఆయన చెప్పిన జవాబు: పగళ్లల్లో జుల్‌హజ్జా పది, రాత్రుల్లో రంజాన్ పది. హాజీలు అరఫాత్ మైదానంలో నిలబడే అరఫా రోజు ఆ పగళ్లల్లో ఉంది, ఖద్ర్ ఈ రాత్రుల్లో ఉంది. మేరాజ్ రాత్రి పెద్దదా, ఖద్ర్ రాత్రి పెద్దదా అన్నదానికి కూడా ప్రవక్త (స) వరకైతే మేరాజ్, ఉమ్మత్‌కైతే, అంటే ఆయన అనుచర సమాజానికైతే, ఖద్ర్ అన్నారు. ఎవరికి, ఏ పనికి అని అడగకుండా వాళ్లు తక్కెడ పట్టలేదు. సూర్యుడు ఉదయించిన రోజుల్లో జుమ్మా ఉత్తమమని హదీసు, అంటే ప్రవక్త (స) మాట, ఉంది కదా, మరి అరఫా ఏమైంది అంటే, అది వారంలో పెద్దది, ఇది ఏడాదిలో పెద్దది అని సర్దిన పండితులున్నారు. ఆ అరఫా కూడా అందరికీ ఒక్కతీరు కాదు. ఇంట్లో ఉన్నవాళ్లకు ఆనాటి ఉపవాసం రెండేళ్ల పాపాలను కడుగుతుందని హదీసు. అరఫాత్ మైదానంలో నిలబడ్డ హాజీ మాత్రం ఉపవాసం ఉండడు.

నువ్వు ఖురాన్ మాటనూ, హదీసునూ, మన ఇళ్ల ఆచారాన్నీ ఒకే గొంతుతో రాశావు. ఖద్ర్‌కు ఖురాన్‌లో ఒక సూరానే (అధ్యాయమే) ఉంది, అయిదు ఆయతులు (వాక్యాలు), "వెయ్యి నెలల కంటే మేలు" అని. దాన్ని ఎనభై మూడేళ్ల నాలుగు నెలలకు లెక్కగట్టి "సమానం" అన్నావు. సమానం అనలేదు బిడ్డా, మేలు అన్నది. శబేబరాత్ హదీసుల బలం మీద పండితుల్లో వాదన ఉంది. ఆ సంగతి రాయి, కానీ రాసే ఊపులో ఆ రాత్రికి మీ నానీమా వండే హల్వా గిన్నె తన్నకు.

మొహర్రం పదో రోజు ఆషూరాకు ఒక్క వాక్యం ఇచ్చి వదిలేశావు, అది నాకు నచ్చలేదు. మూసా ప్రవక్తను ఈజిప్టు రాజు ఫిరౌన్ నుంచి కాపాడిన రోజని ఉపవాసం, హిజ్రీ 61లో ప్రవక్త (స) మనవడు హుసేన్‌ను చంపిన కర్బలా దుఃఖం, మన దిక్కు పీర్ల పండుగ, మూడూ ఆ ఒక్క తారీఖు మీదే నిలబడ్డాయి. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లల్లో కూడా పీర్లు లేస్తాయి, అలాయి నిప్పుల గుండం చుట్టూ ఆడతారు. పాలమూరు పిల్లవు, ఇది నువ్వు రాయకపోతే ఎవరు రాస్తారు?

ఖద్ర్ ఏ రాత్రో చెప్పడానికి ప్రవక్త (స) బయటికి వస్తే, ఇద్దరు మనుషులు కొట్లాడుకుంటున్నారట. అంతే, ఆ జ్ఞానం వెనక్కి తీసుకోబడింది. బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. చివరి పదిలో బేసి రాత్రుల్లో వెతకమన్నారు. మన దగ్గర ఇరవై ఏడును ఖాయం చేసుకున్నాం.

ఆ ఇరవై ఏడో రాత్రే లతీఫ్ సాబ్ గుట్ట కింద మా ఇంట్లో కుట్టుమిషన్ ఆగేది కాదు. గల్లీ పిల్లల ఈద్ బట్టలన్నీ మా అమ్మీ మీదనే. అబ్బా మస్జిద్‌లో ఉండేవాడు. కరెంటు పోతే కందిలి ముందర పెట్టుకుని చేత్తో కాజాలు కుట్టేది, నోట్లో ఒకటే దువా. ఆ రాత్రి దొరికితే ఏమడగాలి అన్న తన భార్య ఆయిషా గారికి ప్రవక్త (స) నేర్పిన దువా అది: నువ్వు క్షమించేవాడివి, క్షమించడం నీకు ఇష్టం, నన్ను క్షమించు. దారం తెగితే కొస పెదాలతో తడిపి సూదిలోకి ఎక్కించేది, అంతసేపు దువా ఆగేది. ఎక్కినంక మళ్లీ మొదటినుంచి. అబ్బా కంటే నీకు పుణ్యం తక్కువ వస్తదా అని అడిగాను ఒకసారి, పదేళ్లుంటాయి నాకు. "ఆ లెక్క నీది కాదు, బట్ట గట్టిగ పట్టుకో" అంది.

రంజాన్ అయినంక రెండో ప్రతి పంపు. నంబర్లు తీసెయ్యి. నానీమా దగ్గర కూర్చుని ఆ హల్వా రవ్వదా, శనగపప్పుదా కనుక్కో. "తీపి వంటకాలు" అని ఇంకోసారి రాస్తే చదవను.

దువాలతో,
నీ ఖాలా