గోవాకు బయలుదేరే ముందు ఇది చదువు

బిడ్డా,

ఉద్యోగం మానేసి గోవాలో పోకర్ ఆడుతూ బతుకుతానన్నావని మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. పేకాట అన్న మాట చెవిన పడ్డాక ఆమెకు ఇంకేమీ వినిపించలేదు. నాకు మాత్రం పోయిన దసరాకు మా వరండాలో చింతగింజలు పందెం కాసి నువ్వు నాకు ఆ ఆట నేర్పడం గుర్తుకొచ్చింది. చేతిలో రెండు రాజులు ఉండి కూడా, ఎదుటివాడి పందెం తీరు చూసి ముక్కలు కింద పడేశావు. ఆశను అలా దించుకోగలిగిన వాళ్లను మార్కెట్‌లో కూడా నేను తక్కువ మందినే చూశాను. అందుకే నిన్ను వద్దనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అలాగని భయం లేదని అనను. రాత్రంతా నిద్ర పట్టలేదు.

చిన్న వ్యాపారంలా నడుపుతానన్నావట. సరే, వ్యాపారం సంగతే మాట్లాడుకుందాం.

ఆట డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా తెరువు. ఏడాదికి సరిపడా అద్దె, తిండి, ఆరోగ్య బీమా పక్కన పెట్టాకే మొదలుపెట్టు. నిద్ర చాలని రోజు టేబుల్ దగ్గరికి పోకు. తాగినవాళ్లతో ఆడితే ఆడు, నువ్వు మాత్రం తాగకు.

ఇంటికి వచ్చినప్పుడు ముక్క ముట్టుకోకు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యపు ఆట అన్నదని నీ స్నేహితులు చెబుతారు. అది నిజమే. కానీ మన తెలంగాణ రాష్ట్రం 2017లో గేమింగ్ చట్టాన్ని మార్చింది. నైపుణ్యం ఉన్నా లేకపోయినా ఇక్కడ డబ్బు పెట్టి ఆడితే నేరమే. ఫోన్లో ఆడే డబ్బు ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. నీకు మిగిలింది లైసెన్సు ఉన్న కేసినో టేబుల్ ఒక్కటే. తెలిసినవాళ్ల ఫాంహౌస్‌లో ఆట ఉంది రమ్మంటే పోకు. అక్కడ పోలీసులు రాకపోయినా, గెలిచిన డబ్బు చేతికి వస్తుందన్న నమ్మకం లేదు.

ఇక గుర్రంపోడు తోట సంగతి. మీ పెద్దనాన్న గుత్త వ్యాపారం చేసిన రోజులు నీకు తెలియవు. బత్తాయి చెట్టు మీద పిందెగా ఉండగానే తోట చూసి, కాపు మొత్తానికి ఒక ధర మాట్లాడుకుని, రైతుకు బయానా ఇచ్చేవారు. కోతకు వచ్చాక లారీలకెత్తి హైదరాబాద్ కొత్తపేట మార్కెట్‌కు పంపేవారు. చెట్ల వరసల మధ్య ఒకసారి నడిచివస్తే ఎన్ని టన్నులు దిగుతుందో చెప్పగలిగేవారు. ఆ అంచనా పెద్దగా తప్పేది కాదు. చిన్న చిన్న తోటలు, అవీ వేర్వేరు ఊళ్లలో పట్టేవారు. ఒకచోట కాయ రాలితే ఇంకోచోట ధర పలికేది. ఇల్లు గడిచిపోయేది.

వరసగా కొన్ని కాపులు కలిసొచ్చాయి. సరిగ్గా అప్పుడు గుర్రంపోడు దగ్గర పెద్ద తోట బేరానికి వచ్చింది. ఎండాకాలం కాపు, కాయ కొరతగా ఉండి ధర బాగా పలికే కాలం. నేనూ వెళ్లి చూశాను, కొమ్మలు విరగకుండా కర్రలు పోటు పెట్టారు. ఇవాళ అడిగినా అది మంచి బేరమనే అంటాను. చేతిలో ఉన్నదంతా ఆ తోట మీద పెట్టారు. చాలక నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. ఉగాది దాటాక ఒక సాయంత్రం వడగళ్లతో గాలివాన కొట్టింది. తెల్లారి వెళ్లేసరికి కాయంతా నేల మీద ఉంది. దెబ్బ తిన్న కాయ కొత్తపేట చేరేలోపే కుళ్లిపోయేది.

తోట చూడటం రాదని ఊరంతా అన్నది. ఆయన కూడా అదే నమ్మి, చాలా ఏళ్లు తన కంటినే అనుమానించుకున్నారు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే. ఆయన కన్ను సరైనదే. ఒక్క గాలివాన తట్టుకోలేనంత డబ్బు ఒక్క తోట మీద పెట్టడం ఆయన చేసిన తప్పు. నీ ఆటలోనూ అంతే కదా. రెండు ఏస్‌లు పట్టుకుని, ఎదుట రెండు రాజులున్న వాడితో డబ్బంతా పెట్టినా దాదాపు అయిదింట ఒకసారి ఓడిపోతామని నువ్వే చెప్పావు. సరిగ్గా ఆడి కూడా నెలల తరబడి ఓడవచ్చు. అప్పుడు నీ బుద్ధిని అనుమానించుకుని ఆట మార్చేయకుండా ఉండాలంటే వెనక మూలధనం ఉండాలి.

బ్లైండ్లు, అంటే ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పక పెట్టే పందేలు, 100, 200 రూపాయలు ఉన్న టేబుల్‌కు 20,000 తో కూర్చుంటారు. అలాంటివి ముప్పై ఉంటే చాలని చాలామంది అంటారట, అంటే 6 లక్షలు. జీతం వస్తూ ఆడేవాళ్లకు అది చాలునేమో. నువ్వు అందులోంచే అన్నం తినాలి. యాభై పెట్టుకో, 10 లక్షలు. అంత లేకపోతే ఇంకా చిన్న టేబుల్ చూసుకో. ముప్పైకి తగ్గిన రోజు కింది టేబుల్‌కు దిగిపో, అందులో సిగ్గు లేదు. టోర్నమెంట్ల జోలికి ఇప్పుడే పోకు. వాటిలో ఎక్కువసార్లు కట్టిన డబ్బు పోయి, ఎప్పుడో ఒకసారి పెద్ద మొత్తం వస్తుంది. అంత కాలం ఆగడానికి 10 లక్షలు చాలవు. అప్పు మాత్రం చేయకు. స్నేహితుల దగ్గర చేబదులు కూడా వద్దు.

రోజువారీ చిట్టా రాయి. ఎన్ని గంటలు ఆడావు, ఎంతతో కూర్చుని ఎంతతో లేచావు, గది అద్దె, తిండి. టేబుల్ దగ్గర గంటకు పాతిక ముప్పై ఆటలే నడుస్తాయి కనుక, ఒక నెల లాభం చూసి ఏమీ అనుకోకు. కొన్ని వందల గంటలు దాటాక గంటకు ఎంత మిగిలిందో చూడు. ప్రతి ఆటలో కేసినో తీసుకునే రేక్ పోగా ఏమీ మిగలడం లేదంటే అది వ్యాపారం కాదు, తిరిగి వచ్చేయ్.

పన్ను సంగతి నువ్వు ఇంకా సరిగ్గా ఆలోచించలేదని నా అనుమానం. మేము లారీ కిరాయి, కూలీ తీసేసి మిగిలిన దానికే పన్ను కట్టేవాళ్లం. పేకలో గెలిచిన డబ్బుకు 30 శాతం పన్ను, దానిపైన సెస్సు. ఖర్చులు మినహాయించుకోనివ్వరు. పోయిన డబ్బును గెలిచినదాంట్లోంచి తీసివేయనివ్వరు. ఏడాది చివర నీ చేతిలో ఏమీ మిగలకపోయినా పన్ను బాకీ ఉండవచ్చు. బస్సెక్కక ముందే ఆడిటర్ దగ్గర కూర్చుని ఈ లెక్క కాగితం మీద వేయించుకో.

ఇంకొకటి, ఇది మీ అమ్మకు చెప్పకు. మీ పెద్దనాన్న నా గాజులు కుదువ పెట్టిన సంగతి, వడ్డీ వ్యాపారి ఇంటికి వచ్చేదాకా నాకు తెలియదు. గాజులు తర్వాత చేయించుకున్నాం. కానీ అన్నాళ్లూ ఆయన నా ఎదుట అన్నం తింటూ, ఏమీ జరగనట్టు నవ్వుతూ కూర్చున్నారు. ఒంటరిగా అంత బరువు మోశారని తలచుకుంటే ఇవాళ్టికీ నా కడుపు తరుక్కుపోతుంది. నువ్వు అలా దాచకు తల్లీ. ఎంత పోయినా నేను తిట్టను. తిట్టినా కాసేపే.

ప్రతి నెల ఒకటో తారీఖున చిట్టా ఫొటో తీసి నాకు పంపు. గెలిచిన నెలా పంపు, ఓడిన నెలా పంపు. ఆడిటర్ వేసిన లెక్క వచ్చే ఆదివారంలోపు నాకు చూపిస్తే, మీ అమ్మను ఒప్పించే పని నేను చూసుకుంటాను.

మీ పెద్దమ్మ
నల్లగొండ