నాలుగేళ్ల హస్కీ క్రాస్‌ని విశాఖలో పెంచుకోవచ్చా?

కుక్కల షెల్టర్‌లో చూసిన నాలుగేళ్ల హస్కీ క్రాస్ (చలిదేశపు హస్కీకి వేరే జాతి కలిసిన కుక్క) మీద మనసు పడిందనీ, ఉండేది ఎంవీపీ కాలనీలో ఫ్లాట్ అనీ, ఈ ఉక్కపోతకు అది తట్టుకుంటుందా అనీ అడిగారు. వయసొచ్చిన కుక్క మచ్చిక కాదని మీ అత్తగారు అంటున్నారని కూడా రాశారు. తెచ్చుకోండి. కాకపోతే ఒక గదికైనా ఏసీ ఉండాలి, రోజూ తెల్లవారుజామున లేచే మనిషి ఇంట్లో ఒకరుండాలి.

మా కుక్క మల్లిని మూడేళ్ల కిందట తెచ్చుకున్నాం. అప్పటికే అయిదేళ్లుంటాయని డాక్టరు పళ్లు చూసి చెప్పారు. మధురవాడలో ఎవరో అపార్ట్‌మెంట్ గేటుకు కట్టేసి వెళ్లిపోతే షెల్టర్‌కు చేరింది. ఒక కన్ను నీలం, ఇంకోటి గోధుమరంగు.

మొదటి మూడు రోజులు డైనింగ్ టేబుల్ కింద నుంచి బయటికి రాలేదు. మేం లైట్లార్పి పడుకున్నాకే నీళ్లు తాగేది. పొద్దున గిన్నె చుట్టూ తడి కనిపిస్తే, హమ్మయ్య, తాగింది అనుకునేవాళ్లం. అమ్మ చీపురు పట్టుకుంటే చాలు, నేలకు కరుచుకుపోయి వణికేది. ఎక్కడ ఎన్ని దెబ్బలు తిందో పాపం. అమ్మ ఆ చీపురునే దాని అన్నం గిన్నె పక్కన పడేసి ఉంచడం మొదలుపెట్టింది. వారం రోజులు మల్లి దూరం నుంచే చూసింది. తర్వాత ఒకరోజు మెడ చాచి వాసన చూసి, చీపురు దాటుకుని వచ్చి తింది. ఇప్పుడు అమ్మ ఊడుస్తుంటే వెనకాలే తిరుగుతుంది. రెండు నెలలు పట్టింది, అంతే. పైగా పెద్ద కుక్కయితే ఎంత ఎత్తుంటుంది, పిల్లలతో ఎలా ఉంటుంది, పిల్లి కనబడితే ఏం చేస్తుంది, అన్నీ తెచ్చుకోకముందే చూసుకోవచ్చు.

ఇక వేడి. నాకు నిజంగా టెన్షన్ ఇదే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పితే, ఆ తడి ఆరి ఒళ్లు చల్లబడాలి. మన సముద్రపు గాలిలో ఆ తడి త్వరగా ఆరదు. అందుకే ఎండ పెద్దగా లేని రోజున కూడా ప్రమాదమే. తెచ్చిన ఏడాది మే నెలలో ఎండ తగ్గిందనుకుని సాయంత్రం అయిదింటికి ఆర్కే బీచ్‌కు తీసుకెళ్లాను. పావుగంటకే కూలబడింది. చిగుళ్లు ఎర్రగా కందిపోయాయి, నోటి నుంచి చొంగ తీగలా కారుతోంది. కొబ్బరిబొండాల బండివాడు బిందెడు నీళ్లిస్తే పొట్టమీద, తొడల మధ్య పోసి, ఆటోలో డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. జ్వరం చూస్తే 105 డిగ్రీలు దాటింది. మామూలుగా ఉండాల్సింది 101, 102. బతికింది. ఆ తప్పు మీరు చెయ్యకండి. ఎండాకాలంలో నడక తెల్లవారుజామునే, బీచ్ రోడ్డు మీదికి బళ్లు రానివ్వని వేళలో పెట్టుకోండి. అరచేయి వెనకవైపు రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్కను దింపొద్దు.

వేడిగా ఉందని గుండు మాత్రం గీయించకండి. హస్కీలకు పైన పొడవాటి వెంట్రుకలు, అడుగున దూదిలాంటి బొచ్చు, రెండు పొరలుంటాయి. పైపొర పోతే ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది, తిరిగి సరిగ్గా మొలుస్తుందన్న నమ్మకం కూడా లేదు. దువ్వి అడుగుబొచ్చు తీసేస్తే చాలు. ఊడే కాలంలో మాకు రోజూ ఒక క్యారీబ్యాగు నిండేది.

తెచ్చిన వారంలోనే పిడుదుల జ్వరానికి రక్తపరీక్ష చేయించండి, మన దగ్గర అది చాలా ఎక్కువ. మెడపట్టీకి బదులు ఛాతీ దగ్గర కొక్కెం ఉన్న హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) కొనండి. మంచు మీద స్లెడ్జి బండి లాగిన జాతి, మెడకు తాడు కడితే మనిషిని ఈడ్చుకుపోతుంది. తలుపు సందు దొరికితే పారిపోతుంది కూడా, బాల్కనీకి వల కట్టించండి. అసోసియేషన్ వాళ్లు వద్దంటే, పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం వాళ్లకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది, ఆ కాగితం చూపించండి.

దత్తత కాగితాల మీద సంతకం పెట్టేలోపు కనీసం మూడుసార్లు వెళ్లి దానితో కూర్చోండి, అరగంట నడిపించండి. రెండోసారి మీ అత్తగారిని కూడా తీసుకెళ్లి, ఆవిడ చేత్తోనే కాస్త పెరుగన్నం పెట్టించండి.