వేలు ఆనితేనే టకటకమనే టచ్‌ప్యాడ్: నేను ఇంట్లో ఎలా సరిచేసుకున్నానంటే

వేలు మెల్లగా ఆనించినా ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ టకటకమంటోంది, క్లిక్ మాత్రం బాగానే పడుతోంది, దీన్ని ఇంట్లో బాగుచేసుకోవచ్చా అని అడిగారు. చేసుకోవచ్చు. అచ్చం ఇదే సమస్యతో నేను రెండు నెలలు అవస్థపడ్డాను. రాత్రి పాప పక్కనే నిద్రపోతుంటే, నేను పేజీ కిందికి జరిపినప్పుడల్లా ఆ చప్పుడు. చివరికి గోరంత టేప్ ముక్కతో ఆగిపోయింది.

అయితే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు బ్యాటరీ సంగతి చూడండి. చాలా మోడళ్లలో బ్యాటరీ టచ్‌ప్యాడ్ కిందో, దాన్ని ఆనుకునో ఉంటుంది. పాతబడిన లిథియం అయాన్ బ్యాటరీలో గ్యాస్ చేరి ఉబ్బితే అది టచ్‌ప్యాడ్‌ను కింద నుంచి పైకి తోస్తుంది. ల్యాప్‌టాప్ మూసి చదునైన బల్ల మీద పెట్టండి. ఒక మూల లేచి ఊగుతోందా? మూత పూర్తిగా పడటం లేదా? టచ్‌ప్యాడ్ అంచు చుట్టుపక్కల కంటే ఎత్తుగా తగులుతోందా? వీటిలో ఏది కనిపించినా చార్జర్ తీసేసి, ఆఫ్ చేసి, సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, పొడవకూడదు, చిల్లు పడితే మంటలు లేవొచ్చు. ఈ ఒక్క విషయంలో దయచేసి సాహసం చేయకండి.

బ్యాటరీ బాగానే ఉందనుకుంటే, ల్యాప్‌టాప్ పూర్తిగా షట్‌డౌన్ చేసి టచ్‌ప్యాడ్ నొక్కి చూడండి. ఆఫ్‌లో ఉన్నప్పుడు క్లిక్ అసలు పడకపోతే మీది కదలని రకం. 2015 నుంచి చాలా మ్యాక్‌బుక్‌లలో వచ్చినది అదే. అందులో మనం వేలు ఆనించే పలక కిందికి దిగదు, లోపలి చిన్న మోటార్ లాంటిది కదిలి, క్లిక్ పడినట్టు వేలికి అనిపిస్తుంది. నేను చెప్పబోయే పద్ధతి దానికి పనికిరాదు. ఆఫ్‌లో ఉన్నా టక్కున పడితే మాత్రం మీది మామూలు రకమే.

ఈ మామూలు రకంలో పలక పై అంచు, అంటే కీబోర్డ్ వైపు, మడతబందులా బిగించి ఉంటుంది. కింది అంచు మాత్రమే దిగుతుంది. దాని కింద మధ్యలో చిన్న గుండ్రటి బటన్ ఉంటుంది. పలక దిగినప్పుడు ఆ బటన్ ఒక రేకుకు ఒత్తుకుని క్లిక్ అవుతుంది. కొత్తలో బటన్‌కూ రేకుకూ మధ్య సందు దాదాపు ఉండదు. వాడగా వాడగా రేకు కాస్త వంగో, స్క్రూలు వదులయ్యో వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. వేలు ఆనగానే పలక ముందు ఆ సందులో ఊగి రేకుకు తగులుతుంది. మనకు వినిపించేది ఆ తగిలిన చప్పుడు. బటన్ పాడవలేదు, కాబట్టి టచ్‌ప్యాడ్ మొత్తం మార్చేయాలని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి. నాకూ అలాగే చెప్పారు.

వారంటీ ఉంటే విప్పకండి, కంపెనీ వాళ్లతోనే చేయించుకోండి. లేకపోతే ఇలా చేయండి. షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, వెనక కవర్ స్క్రూలు విప్పాలి. కొన్ని రబ్బరు కాళ్ల కింద దాగి ఉంటాయి. నేను ఒక కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకున్నాను, ఎందుకంటే పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే పైభాగం ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. కవర్ క్లిప్పులు ఊడదీయడానికి పాత ప్లాస్టిక్ కార్డు చాలు. కవర్ తీయగానే మొదట చేయాల్సింది బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. వైర్లు పట్టుకుని లాగకుండా, ప్లగ్‌నే పట్టుకోండి. బ్యాటరీ టచ్‌ప్యాడ్‌ను పూర్తిగా కప్పేసి, జిగురుతో అంటించి ఉంటే అక్కడితో ఆపేయండి. నాది సగమే కప్పింది, కింది అంచు బయటికే కనిపించింది.

ముందు టచ్‌ప్యాడ్ చుట్టూ ఉన్న స్క్రూలు చూశాను. రెండు అర చుట్టు వదులుగా ఉన్నాయి. బిగిస్తే చప్పుడు సగం తగ్గింది. బలంగా బిగించకండి, పలక వంగి క్లిక్ గట్టిపడుతుంది.

మిగతా సగం కోసం టార్చ్ వేసి చూశాను. బటన్ తగిలే చోట రేకు మీద పెన్సిల్ చుక్కంత మెరుపు మచ్చ ఉంది. రాపిడికి అరిగిన గుర్తు. సరిగ్గా ఆ మచ్చ మీద టేప్ ముక్క అంటించాను. మొదట కాగితం పెట్టాను, పది రోజుల్లో నలిగిపోయి చప్పుడు మళ్లీ మొదలైంది. తర్వాత ఎలక్ట్రానిక్స్ పనికి వాడే పసుపు రంగు కాప్టన్ టేప్ వేశాను. అది సుమారు 0.06 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, వేడికి కరగదు. అత్యాశతో రెండు పొరలు వేస్తే బటన్ ఎప్పుడూ నొక్కినట్టే ఉండిపోయింది. కర్సర్ కదిపితే డెస్క్‌టాప్ మీది ఫైళ్లు దాని వెంటే వచ్చేశాయి. ఒక పొర తీసేశాక చప్పుడు పూర్తిగా పోయింది, క్లిక్ కూడా కొత్తదానిలా మెత్తబడింది. అందుకే ఒక్కో పొర వేస్తూ, కవర్‌ను రెండు మూడు స్క్రూలతోనే పెట్టి చూసుకుని, సరిపోయాకే మిగతావి బిగించండి. డబుల్ సైడ్ ఫోమ్ టేప్ లాంటివి మరీ మందం, వద్దు.

నూనె, స్ప్రే లాంటివి అస్సలు వాడకండి. అవి పలక వెనకున్న బోర్డు మీదికి పాకుతాయి.

ఒకవేళ మీ ఇబ్బంది వేలు ఆనిన చప్పుడు కాక క్లిక్ శబ్దమే అయితే, విప్పకుండానే తగ్గించుకోవచ్చు. విండోస్ 11లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, టచ్‌ప్యాడ్, ట్యాప్స్‌లోకి వెళ్లి ఒక వేలితో తట్టి క్లిక్ చేసే ఆప్షన్ ఆన్ చేయండి. ఇక నొక్కాల్సిన పనే ఉండదు.

నేను టేప్ వేసి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు పాప నిద్రపోయాక కూడా పక్కనే కూర్చుని పని చేసుకుంటున్నాను.